వేలంలో ఎవరూ పాడలేదు

గుంటూరు కలెక్టరాఫీసు రికార్డు గది.
ఫ్యాను తిరిగితే కాగితాలు పొడి రాలుస్తాయి.
మూడో బీరువా, అడుగు అర, ఎర్రగుడ్డ మూట.
"చినకాకరపాడు. జప్తు వేలం. పాటదారులు లేరు."
గుమాస్తా రాసింది అంతే.
మిగతాదంతా నాయనమ్మ రూతమ్మ
మిరపకాయలకి తొడిమలు తీస్తూ
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య చెప్పింది.

శిస్తు కట్టం అన్నారు ఊళ్ళో.
మునసబు వీరరాఘవయ్య గారు రాజీనామా రాశారు,
కరణం రాశాడు.
మా తాత దానేలుకి రాయడం రాదు.
వెట్టివాడు రాజీనామా ఇవ్వొచ్చో లేదో
ఎవరూ చెప్పలేదు.
కాబట్టి తహశీల్దారు రమ్మంటే వెళ్ళాడు,
వేలమని చాటమంటే డప్పు కాచాడు,
నడిబజారులో నిలబడి
చావు దరువు కొట్టాడు.

తలుపులు తెరుచుకున్నాయి.
"ఎవరు పోయార్రా దానేలూ?"
"ఇంకా పోలేదయ్యా,
కాళ్ళు చల్లబడుతున్నాయి."

నవ్వు ముందు ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది.
తర్వాత బూటు లేచింది.
డప్పు చిరిగింది, ఒక పక్కటెముక విరిగింది.
ముసురు పడితే ఆ ఎముకే
చాటింపు వేసేది, ఆయన చచ్చేదాకా.

వేలం మాత్రం ఆగలేదు.
ఒంగోలు కోడె, రాగి గంగాళం,
బాలింతని దింపి తెచ్చిన నులక మంచం.
కోడె ముప్పై, అన్నాడు డఫేదారు.
ఇరవై.
పది.
పోనీ, అర్ధరూపాయి.
ఊరంతా అక్కడే ఉంది. ఎవరూ పాడలేదు.
ఒక తల్లి చంటిపిల్ల నోటికి రొమ్ము అందించింది,
ఏడుపుని పాట కింద రాసుకుంటారేమోనని.
కోడె తీరిగ్గా ఉచ్చ పోసింది.
ఒకటోసారి.
రెండోసారి.
మూడోసారి అనడానికి డఫేదారుకి నోరు రాలేదట.

"పెద్ద మలుపు ఏది నాయనమ్మా?"
పరీక్షల రోజుల్లో అడిగాను, అయిదు మార్కుల ప్రశ్న.
చాలాసేపు తొడిమలే తీసింది.
"ఆపెయ్యమన్నారు చూడు. అదీ."

ఎక్కడో ఉత్తరాన ఠాణా తగలబడిందట,
లోపల మనుషులతో సహా.
ఇక చాలని కబురు.
మాఘమాసం, కళ్ళాల నిండా మిరప ఎరుపు.
రాత్రిపూట, లాంతరు వత్తి తగ్గించుకుని,
ఒక్కొక్కరే వెళ్ళి శిస్తు కట్టొచ్చారు,
ఎదురుపడితే పలకరించుకోకుండా.
మునసబు గారికి ముద్ర తిరిగొచ్చింది.
శుక్రవారం లోపు కట్టాలహో అని చాటడానికి
తాతకి డప్పు లేదు.
కిరసనాయిలు డబ్బా కొట్టాడు.
ఓడిపోవడం అంటే ఆ రేకు చప్పుడేనంది నాయనమ్మ.
అని, మళ్ళీ తనే,
"మూడోసారి అనలేని నోటిని చూశాక
దానికి మళ్ళీ ఎట్లా భయపడతార్రా?"

ఉప్పు ఏడు వచ్చింది, పోయింది.
తెనాలి స్టేషను మీద పొగ లేచిన ఆగస్టులో
తాత కొత్త తోలు ఎండేశాడు.
అది ఎండడానికి అయిదేళ్ళు పట్టిందని
మా ఇంట్లో పరాచికం.
ఆ అర్ధరాత్రి మోగింది:
ముందు చావు దరువు,
బాకీ పడ్డ మూడోసారి,
తర్వాత పెళ్ళి దరువు, చేతులు బొబ్బలెక్కేదాకా.
తెల్లారి జెండా కింద పప్పుబిళ్ళలు పంచారు.
మా పేటకి వేరే తట్టలో వచ్చాయి.
తియ్యగానే ఉన్నాయంది నాయనమ్మ,
అదీ దాచలేదు.

మూటలో ఆఖరి కాగితం,
చాటింపు జరిగినట్టు సాక్ష్యం.
పేరు లేదు. "వెట్టి, వేలిముద్ర" అని రాసి
కింద నల్లటి మచ్చ.
నడిమధ్య గీతలు లేవు,
డప్పుపుల్ల అరగదీసిన చోటు.

"టైమైంది సార్," అటెండరు తాళాలు ఆడించాడు.
అప్పటికే నా బొటనవేలు దాని మీద ఉంది.
నాది నున్నటి వేలు.
గీతలన్నీ ఉన్నాయి.